మడుగులో పూమీను

మా చిన్నమామయ్య నీలగిరి కొండలలో ఉద్యోగం చేసేవాడు. 1974వ సంవత్సరం ఉగాదికి నెలరోజులు సెలవు పెట్టి మా యింటికి వచ్చాడు. వస్తూ నాకొక అగ్గిపెట్టె తెచ్చి యిచ్చాడు. తెరిచి చూస్తే అందులో మూడు ఈగలు ఉన్నవి! నేను గబుక్కున చెయ్యి వెనక్కు తీసుకున్నాను. మామయ్య పకపకా నవ్వాడు.

అవి నిజం ఈగలు కావు. చిన్న గాలాలకు కోడి ఈకలూ, పట్టుదారమూ చుట్టి ఈగల్లాగా తయారుచేసినవి.

"ఉదకమండలం చుట్టుపక్కల వాగుల్లో ట్రౌట్ అనే చేప ఉందిరా. ఈ ఉత్తుత్తి ఈగను నీటిమీద వదిలితే, నిజం ఈగ అనుకుని పట్టుకుంటుంది," అన్నాడు మామయ్య.

ట్రౌట్ మన దేశపు చేప కాదు. అది చలిదేశాలది. 1900లో దాని గుడ్లను స్కాట్లండు నుంచి ఓడమీద తెచ్చి కాశ్మీరు వాగులలో పెంచారు. నీలగిరులలో కూడా ఎన్నోసార్లు ప్రయత్నించి చివరకు పెంచగలిగారు. నీటి వేడి 20 డిగ్రీలు దాటిందంటే దానికి కష్టకాలం మొదలవుతుంది. ఈ సంగతులన్నీ నేను తరవాత తెలుసుకున్నవి. అప్పుడు నాకు పదకొండేళ్లు. మా వాగులో మాత్రం ఒక్క ట్రౌట్ అయినా ఉండకపోతుందా అనుకున్నాను.

మా నాన్న బడిపంతులు. పాల్వంచకూ భద్రాచలానికీ నడుమ, అడవిలో, ఒక కోయపల్లెలో మేము ఉండేవాళ్ళం. మా వాగు పోయి కిన్నెరసానిలో కలుస్తుంది. కిన్నెరసాని పోయి బూర్గంపహాడు దగ్గర గోదావరిలో కలుస్తుంది. విశ్వనాథ సత్యనారాయణగారు పాటలు కట్టిన కిన్నెరసాని అదే. వానకాలంలో మా వాగు ఏనుగునైనా దొర్లించేటట్టు వచ్చేది. చైత్రమాసం నాటికి అక్కడొక మడుగూ, ఇక్కడొక మడుగూ, వాటి నడుమ రాళ్ళమీద గలగలమంటూ సన్నని ధారా మిగిలేవి.

పౌర్ణమి వెళ్ళిన తరవాత వచ్చిన ఆదివారంనాడు, తెల్లవారకముందే మా ఎదురింటి తాతతో కలిసి బయలుదేరాను. ఆ తాత కోయవాడు. నాకు ఆయన సొంత తాత కాకపోయినా, ఊళ్ళో పిల్లలందరికీ తాతే. ఆయన చేతిలో ఒక వెదురుగడ, నా చేతిలో ఒక వెదురుగడ. అమ్మ సద్దిమూట కట్టి యిచ్చి, "చేపలు తెస్తావా, లేక నన్ను పప్పు ఉడకేసుకోమంటావా?" అని అడిగింది.

"మసాలా నూరి ఉంచమ్మా!" అన్నాను ధీమాగా.

అడవి అంతా ఇప్పపువ్వు వాసన. చెట్లకింద ఆకులు కాల్చి నేల శుభ్రం చేసి, ఆడవాళ్ళూ పిల్లలూ రాలిన పువ్వు ఏరుతున్నారు. ఇప్పపువ్వంటే మనకే కాదు, ఎలుగుబంటికీ ప్రాణం. అందుకని తాత మలుపు మలుపుకూ గట్టిగా దగ్గుతూ నడిచాడు. అది దగ్గు కాదు, "మేం వస్తున్నాం, నువ్వు పక్కకు పో" అని ఎలుగుకు చెప్పడం.

వాగు చేరగానే నేను అగ్గిపెట్టె తీశాను. ఈకల ఈగను దారానికి కట్టి, అలవాటు ప్రకారం సీసపు గుండూ, నెమలి ఈక కాడ బెండూ కూడా తగిలించి, ధారలోకి విసిరాను. బుడుంగున మునిగింది. మళ్ళీ విసిరాను. మళ్ళీ మునిగింది. పది, ఇరవై, ముప్ఫైసార్లు విసిరాను. నీటిమీద చుట్టూ వలయాలు లేస్తూనే ఉన్నవి. అంటే చేపలు పైకి వచ్చి ఏవో పురుగులను తింటున్నవి. నా ఈగను మాత్రం ఒక్కటీ మూతితో తాకలేదు.

తాత నా ఈగను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. అటూ యిటూ తిప్పాడు. నవ్వుతాడేమో అనుకున్నాను గాని నవ్వలేదు.

"చేసినవాడు పనిమంతుడే," అన్నాడు. "వేసినవాడికే తెలియలేదు. ఎక్కడన్నా పురుగు రాయిలాగా పడుతుందా, బిడ్డా?"

తరవాత ఆయన నీటిలో చెయ్యి పెట్టి ఒక రాయి తిరగేశాడు. రాతి అడుగున చిన్న చిన్న పురుగులు, మూడేసి తోకలతో, అంటుకుని ఉన్నవి. ఇంకా ఇసుక రేణువులతో కట్టుకున్న చిట్టి గొట్టాలు ఉన్నవి. వాటిలో కూడా పురుగులే కాపరం చేస్తున్నవి! తోకల పురుగు నెలల తరబడి నీటిలోనే పెరిగి, ఒకనాడు పైకి తేలి, చర్మం విప్పి, రెక్కలతో ఎగురుతుంది. ఎగిరిన తరవాత దానికి తినడానికి పనికి వచ్చే నోరే ఉండదు. ఒకటి రెండు రోజుల్లో నీటిమీద గుడ్లు పెట్టి చనిపోతుంది. చలిదేశాల ట్రౌట్ కాచుకుని తినేదీ, ఈకలతో అనుకరించేదీ ఎక్కువగా ఈ జాతి పురుగునే. చేప వేరు గాని, దాని అన్నం మా వాగులోనూ ఉన్నదన్నమాట.

తాత నా దారానికి ఉన్న సీసాన్నీ, బెండునూ తీసేశాడు. "ఇప్పుడు ఎగువ రాతిమీద కూర్చో. నీ నీడ నీళ్ళమీద పడనీయకు. గడ చాపి, మద్దికొమ్మ నుంచి జారిపడినట్టు మెల్లిగా వదులు. తరవాత నువ్వేమీ చెయ్యకు. వాగే తీసుకుపోతుంది," అన్నాడు.

వదిలాను. ఈగ రెండు బారల దూరం తేలుతూ పోయింది. తళుక్కున వెండిరంగు మెరిసింది, గడ కొస వణికింది. బెత్తెడు పరిగె! నా జన్మలో అంత సంతోషం ఎరగను. నీలగిరి ఈగకు ఖమ్మం జిల్లా పరిగె పడిందని గట్టిగా కేక వేశాను. ఆ కేకకు మిగతా చేపలన్నీ పారిపోయినవి. తాత అప్పుడు నవ్వాడు.

ఆయన మాత్రం బతికిన మిడతలను పట్టి, గాలానికి గుచ్చి, అదేవిధంగా నీటిమీద వదులుతున్నాడు. మిడత కాళ్ళు తన్నుకుంటే నీటిమీద చిన్న ముడతలు లేస్తవి. నాకు మూడు పరిగెలు పడేటప్పటికి ఆయనకు ఆరు పడినవి. మధ్యలో నా ఈగ ఒకటి మద్దికొమ్మకు తగులుకుని తెగిపోయింది. అది యిప్పటికీ అక్కడే ఉన్నదేమో.

ఎండ ముదిరింది. సద్ది తిన్నాం. తాత తుండుగుడ్డ మొహంమీద వేసుకుని నేరేడు నీడన పడుకున్నాడు. పడుకోబోయేముందు, దిగువన ఉన్న పెద్ద మడుగువేపు చూపించి, "దానిలో మాత్రం గాలం వెయ్యకు. ఎండాకాలంలో మడుగు జోలికి పోము," అన్నాడు.

ఎందుకని నేను అడగలేదు. అడిగివుంటే ఈ కథ లేదు.

నిద్ర రాక మడుగు దగ్గరికి పోయాను. నీళ్ళు నల్లగా, నిశ్చలంగా ఉన్నవి. ఒకచోట మాత్రం, ఎసట్లో బియ్యం ఉడుకుతున్నట్టు, నీరు కుతకుతలాడుతున్నది. ఏవో పురుగులనుకున్నాను. దాని పక్కనే ఒక పెద్ద తల పైకి వచ్చి, గుటుక్కున గాలి మింగి, మునిగిపోయింది.

నా గుండె కొట్టుకుంది. ఇంటి దగ్గర అమ్మ మసాలా నూరి ఉంటుంది. మామయ్య వెక్కిరించడానికి సిద్ధంగా ఉంటాడు. మూడు పరిగెలు ఏ మూలకు? జేబులో ఒక పెద్ద గాలం ఉన్నది. ఒడ్డున కప్పపిల్లలు ఉన్నవి. మెల్లిగా నీటిమీద వదలడం పొద్దున్నే నేర్చుకున్నాను.

కప్ప నీటిని తాకీ తాకగానే మడుగు బద్దలయినట్టయింది. గడ విరిగింది. నైలాను దారం చేతికి చుట్టుకుని వెనక్కు వెనక్కు నడిచి, చేపను ఒడ్డుకు లాగాను. మూరెడు పైన పొడవు. నల్లని ఒంటిమీద పూలు చల్లినట్టు తెల్లని చుక్కలు, తోకమొదట కన్నులాంటి మచ్చ. పూమీను! కొర్రమీనుకు అన్న వంటిది. తువ్వాలు తడిపి, దానిలో చేపను చుట్టి, పైన తుంగ కప్పి, సంచిలో వేసుకున్నాను. తాత లేచిన తరవాత కూడా ఏమీ చెప్పలేదు.

ఇంటిదారి పట్టి ఒక మైలు నడిచామో లేదో, సంచి తనంతట తాను తన్నుకుంది.

"పరిగె అంత గట్టిగా తన్నదే," అన్నాడు తాత.

విప్పి చూపించాను. తిడతాడనుకున్నాను. ఆయన చేపను చూసి, "నీళ్ళు ఉడుకుతున్నట్టు ఎక్కడన్నా కనిపించిందా?" అని మాత్రం అడిగాడు. తల ఊపాను.

"అవి దీని పిల్లలు."

పూమీను గుడ్లు పెట్టి వదిలి వెళ్ళిపోయే చేప కాదు. పిల్లలు గుంపుగా తిరుగుతుంటే, తల్లీ తండ్రీ కింద కాపలా కాస్తవి. పిల్లలు గాలి కోసం మాటిమాటికీ పైకి వస్తవి కనుక నీరు ఉడికినట్టు కనిపిస్తుంది. కాపలా లేకపోతే పరిగెలూ, జెల్లలూ, లకుముకి పిట్టలూ వాటిని బతకనీయవు. తొలకరికి వాగు నిండినప్పుడు ఎగువకూ దిగువకూ పోయి మళ్ళీ అన్ని చోట్లా పెరిగేది ఈ మడుగుల్లో మిగిలిన చేపే. తాత ఇదంతా రెండు ముక్కల్లో చెప్పాడు: "ఇది విత్తనం. మేం విత్తనపు జొన్నలు వండుకోము."

"ఇప్పుడేం చెయ్యాలి, తాతా?"

"పట్టింది నువ్వు. నన్ను అడుగుతావేం?" అని ఆయన నడక సాగించాడు.

నేను దారిమధ్యలో నిలబడిపోయాను. ముందు ఇల్లు, అమ్మ, మామయ్య. వెనక మడుగు. చేప ఎలాగూ చచ్చిపోతుంది, వెనక్కు పోయి ఏం లాభం అని నాకు నేను చెప్పుకున్నాను. అదే సమయానికి సంచి మళ్ళీ తన్నుకుంది. వెనక్కు తిరిగి పరుగెత్తాను.

గంటసేపు నీళ్ళు లేకుండా చేప ఎలా బతికింది? చెబుతాను. 30 డిగ్రీల వేడి ఉన్న లీటరు నీటిలో కరిగి ఉండే ప్రాణవాయువు ఏడున్నర మిల్లీగ్రాములు. అదే నీరు 10 డిగ్రీల చల్లదనంలో ఉంటే పదకొండు మిల్లీగ్రాములు పట్టుకోగలదు. ట్రౌట్ చల్లని నీటికే అంటిపెట్టుకుని ఉండడానికి ఇదొక కారణం. మా వాగు చేపలకు ఆ అవకాశం లేదు. కాని లీటరు గాలిలో సుమారు 270 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఉన్నది! పూమీనుకూ, కొర్రమీనుకూ మొప్పలపైన ఒక అర ఉంటుంది. నీటిపైకి వచ్చి మింగిన గాలిని అవి అందులో నింపుకుంటవి. గాలి అందకుండా నీటి అడుగున అదిమిపెడితే ఈ చేపలు మునిగి చచ్చిపోతవి! ఒళ్ళు తడిగా ఉంటే మాత్రం ఒడ్డున కూడా చాలాసేపు బతుకుతవి. నేను తువ్వాలు తడిపింది చేప తాజాగా ఉండాలని, కూర రుచిగా ఉండాలని. దానికి అది ప్రాణం నిలిపింది.

మడుగు చేరేసరికి పొద్దు వాలుతున్నది. తువ్వాలు సగం ఆరిపోయింది. చేపను నీటిలో పెట్టి రెండు చేతులతో పట్టుకున్నాను. అది వెల్లకిలా పడింది. సరిచేశాను. మళ్ళీ పక్కకు ఒరిగింది. ఏడుపు వచ్చింది. వెనక నుంచి, "గట్టిగా పట్టకు. తల పైకి అందేటట్టు ఉంచు," అని తాత గొంతు వినిపించింది. ఆయన ఎప్పుడు వెనక్కు వచ్చాడో నాకు తెలియదు.

చేప ఒక్కసారి నోరు తెరిచి గాలి మింగింది. ఇంకోసారి మింగింది. తోకతో నా మణికట్టును కొట్టి, నల్లనీటిలోకి జారిపోయింది.

పిల్లల గుంపు ఆవలిగట్టుకు చేరింది. ఇప్పుడు దగ్గరగా చూశాను. గోరంతేసి చేపలు, వందలు, ఒక్కొక్కదాని నల్లని ఒంటిమీద నారింజరంగు చార. మద్దికొమ్మ మీది లకుముకి పిట్ట వాటినే చూస్తున్నది. బాణంలాగా దూకింది. అది నీటిని తాకబోయేంతలో కింద నుంచి ఏదో పెద్దది తటాలున లేచి, నీళ్ళు ఎగజిమ్మింది. పిట్ట కీచుమని అరిచి కొమ్మకు తిరిగిపోయింది.

"నేను వదిలిందేనా, తాతా?"

"అదో, దాని జోడో," అన్నాడు ఆయన.

చీకటి పడ్డాక ఇల్లు చేరాం. తాత తన పరిగెలలో మూడు నా సంచిలో వేశాడు. అమ్మ వాటిని మామిడికాయ వేసి పులుసు పెట్టింది. "ట్రౌట్ పడిందటరా?" అని మామయ్య అడిగాడు. పడలేదన్నాను. విరిగిన గడ సంగతి ఎవరూ అడగలేదు.

1977లో ఆ అడవిలో పెద్దభాగాన్ని కిన్నెరసాని అభయారణ్యంగా ప్రకటించారు. తాత అప్పటికే పోయాడు. మిగిలిన రెండు ఈగలూ ఆ అగ్గిపెట్టెలోనే ఉన్నవి. ఒకదాని ఈకలు పురుగులు కొట్టేసినవి.