నీలికొండ నేర్పిన పాఠం

నెల్లూరు జిల్లా పశ్చిమ మెట్టప్రాంతంలోని కలిగిరిలో ఫజ్ర్ నమాజు ముగించుకొని, పిల్లలిద్దరినీ వెంటబెట్టుకొని ఉదయగిరికి బయలుదేరాము. కలిగిరి పొగాకు వేలం కేంద్రమున్న ఊరు. బస్సు కోసం నిలబడి ఉండగా పొగాకు బేళ్ల ట్రాక్టరు ఒకటి పక్కనుంచి సాగిపోయింది. ఏడేళ్ల పిల్లవాడు ముక్కు మూసుకొని “కంపు” అన్నాడు.

“అది నీకు నచ్చలేదని తెలిసింది. వాసన ఎలా ఉందో చెప్పు” అన్నాము.

కాసేపు ఆలోచించి, “ఎండుగడ్డిలా ఉంది, గొంతులో గీరినట్టుంది” అన్నాడు. ఆనాటి మొదటి పాఠం అదే.

వింజమూరు దాటాక దూరాన ఉదయగిరి దుర్గం కొండ కనిపించింది. “కొండ నీలంగా ఉంది” అన్నది చిన్నపాప. ఊరు చేరేసరికి అదే కొండ పచ్చని పొదలతో, గోధుమరంగు బండలతో నిలిచి ఉంది. కొండ రంగు మార్చుకుందా అని ఇద్దరూ వాదులాడుకున్నారు. మేము వెంటనే జవాబు చెప్పక, ఇంకా దూరాన ఉన్న వెలిగొండల వరుసను చూపించాము. అదీ నీలమే. “అయితే దూరం వల్లే అలా ఉంది” అని వారే తేల్చుకున్నారు. మధ్యనున్న గాలి సూర్యకాంతిలోని నీలాన్ని ఎక్కువగా వెదజల్లుతుందని అప్పుడు వివరించాము. క్రీ.శ. 965 ప్రాంతంలో బస్రాలో జన్మించిన ఇబ్నుల్ హైసమ్ తన ‘కితాబుల్ మనాజిర్’లో, వస్తువు నుంచి కాంతి కంటిని చేరినప్పుడే చూపు కలుగుతుందని చెప్పాడు. దూరం మితిమీరితే చూపు పొరబడుతుందనీ హెచ్చరించాడు.

ఉదయగిరి చెక్క చెంచాలు, గరిటెలు భౌగోళిక గుర్తింపు పొందినవి. ముస్లిం మహిళలు ఎందరో ఈ పనితో కుటుంబాలను పోషించుకుంటున్నారు. ఒక ఇంటి అరుగు మీద రెండు గరిటెలు పెట్టి, ఏది బరువని అడిగాము. పిల్లవాడు ముట్టుకోకుండానే, “పెద్దదే. నేను చూశాను” అన్నాడు. కళ్లు మూయించి రెండూ చేతుల్లో పెడితే చిన్నదే బరువు తూగింది. చెక్కలు వేరు. పని చేసుకుంటున్న తల్లి నవ్వి, “చూసినావా బేటా, అనుకున్నావా?” అన్నది.

ఆ ప్రశ్న మమ్మల్నే తాకింది. బిడ్డ “చూశాను” అనడం ఒక సాక్ష్యం. తెలియని విషయం వెంట పడరాదనీ, చెవి, కన్ను, హృదయం అన్నింటి గురించీ విచారణ ఉంటుందనీ బనీ ఇస్రాయీల్ సూరా 36వ ఆయతు బోధిస్తున్నది. విన్న పుకారును కళ్లారా చూసినట్టు చెప్పే పెద్దలమైన మనకు ఈ పాఠం ఎంత అవసరం! చిన్ననాడు చూసినదానికీ అనుకున్నదానికీ తేడా తెలిసిన బిడ్డ, రేపు పొరుగువాని మీద నింద మోపే ముందు ఒక్క క్షణం ఆగుతాడు.

కనుక తల్లిదండ్రులారా! బిడ్డకు ఆకు పేరు చెప్పే ముందు దాన్ని చేతికివ్వండి. రంగు, వాసన, గరుకుదనం అడగండి. తెలియనిదాన్ని మాత్రం నోట పెట్టనివ్వకండి. తొందరపడి జవాబు అందించకండి.

అసర్ తర్వాత తిరుగు బస్సెక్కాము. పాప కిటికీలోంచి వెనుదిరిగి చూసి, “కొండ మళ్లీ నీలంగా ఉంది” అని, వెంటనే సర్దుకుంది:

“ఉహూఁ, నీలంగా కనిపిస్తోంది.”