కణేకల్‌లో ఓ గాజుతొట్టి సముద్రం

కణేకల్ అంటే హగరి ఒడ్డు ఇసుక దిబ్బలు, హెచ్చెల్సీ నీళ్లతో నిండే చెరువు. మొన్న వెళ్తే మా ఫ్రెండ్ ఇంట్లో ఏకంగా సముద్రమే కనిపించింది! గాజుతొట్టిలో పగడపు దిబ్బల దగ్గర పట్టిన రెండు చేపలు.

సముద్రపు నీళ్లలో లీటరుకు దాదాపు 35 గ్రాముల ఉప్పుంటుంది. ఇక్కడి వేడిగాలికి నీళ్లు ఆవిరైపోతాయి, ఉప్పు మాత్రం ఉండిపోతుంది. అందుకే వాడు తగ్గినంత మేర ఆర్వో నీళ్లు రోజూ పోస్తాడు. బిందెలు లెక్కపెట్టుకునే ఎండాకాలంలోనూ తప్పదు. రెండ్రోజులు ఊరెళ్లాలన్నా ఎవరికైనా అప్పజెప్పాల్సిందే.

చచ్చిపోతే ఇంకోటి కొనొచ్చులే అనుకోకండి. అక్వేరియంలకు అమ్మే సముద్రపు చేపల్లో ఎక్కువ రకాలు ఫారంలో పుట్టినవి కావు. ఆ ఇంకోటి కూడా సముద్రంలోంచే రావాలి.

సాయంత్రం చెరువుగట్టు మీద నిలబడితే పరిగెలు తళుక్కుమన్నాయి. నాకైతే చేపల్ని అలా చూడ్డమే నచ్చింది.