మరణానంతర దానం

2022 మార్చి 19న మల్లు స్వరాజ్యం హైదరాబాదులో కన్నుమూశారు. నాటి నల్లగొండ జిల్లాలోని కర్విరాల కొత్తగూడెంలో భూస్వామి కుటుంబంలో పుట్టి, తెలంగాణ సాయుధ పోరాటంలో తుపాకి పట్టిన వీరవనిత ఆమె. నిజాం ప్రభుత్వం ఆమె తలకు 10,000 రూపాయల వెల ప్రకటించింది. తరువాతి కాలంలో ఆమె తుంగతుర్తి నుంచి రెండుసార్లు శాసనసభకు ఎన్నికయ్యారు. అంతటి నాయకురాలి అంతిమయాత్ర శ్మశానవాటికకు కాక నల్లగొండ ప్రభుత్వ వైద్య కళాశాలకు సాగింది. 2019లో ప్రారంభమైన ఆ కళాశాలకు అప్పటికి మూడేండ్లైనా నిండలేదు. మానవ శరీర నిర్మాణం కేవలం పటాలు చూచి నేర్వగల విద్య కాదు. ఒకనాడు ప్రభుత్వం వెలకట్టిన దేహాన్ని ఆమె కోరిక మేరకు కుటుంబసభ్యులు వైద్య విద్యార్థుల చదువు కోసం అప్పగించారు.

ఇది దేహదానం. అవయవదానం దీనికంటె వేరు. ఈ రెంటినీ ఒకటిగా భావించేవారు విద్యావంతులలోనూ ఉన్నారు. ఇంటివద్ద సహజంగా మరణించిన వృద్ధుల దేహాన్ని కళాశాలకు ఇవ్వవచ్చు. ఆరు గంటలలోపు వారి నేత్రాలను కూడా సేకరించవచ్చు. కాని గుండె, కాలేయం, మూత్రపిండాలు మరొకరికి ఉపయోగపడవలెనంటే వాటికి చివరివరకు రక్తం అందుతూ ఉండాలి. అందువల్ల ఆసుపత్రిలో కృత్రిమ శ్వాస మీద ఉండి, మెదడు మరణించినవారి నుంచే సాధారణంగా వీటిని స్వీకరిస్తారు.

విజయవాడకు పోయే రహదారి నల్లగొండ సీమ గుండా, బెంగళూరుకు పోయే రహదారి పాలమూరు సీమ గుండా సాగుతాయి. శిరస్త్రాణం లేక ద్విచక్ర వాహనంపై వెళ్ళిన యువకుని తలకు తీవ్రమైన గాయమైనప్పుడు, అతనిని హైదరాబాదుకు తరలిస్తారు. మెదడు మరణించిందని వైద్యులు చెప్పేసరికి తల్లి ఎదుట కనబడేదేమిటి? యంత్రం వల్ల రొమ్ము ఎగసిపడుతూ ఉంటుంది. చేయి వెచ్చగా ఉంటుంది. ఆమె ఎట్లా నమ్ముతుంది? ఇటువంటివారిని పత్రికలు ‘జీవన్మృతుడు’ అని వ్రాస్తాయి. ఆ మాట ఎంతమాత్రం తగినది కాదు. అందులోని ‘జీవన్’ అన్న పదం కుటుంబానికి లేని ఆశను కల్పిస్తుంది. అపస్మారకస్థితిలో ఉన్నవారు కోలుకొనవచ్చు. మెదడు మరణించినవారు ఎన్నటికీ కోలుకోరు. 1994లో వచ్చిన మానవ అవయవ మార్పిడి చట్టం ప్రకారం నలుగురు వైద్యుల బృందం కనీసం ఆరు గంటల వ్యవధితో రెండుసార్లు పరీక్షించి, ఈ మరణాన్ని నిర్ధారించాలి. అదే సంవత్సరం ఆగస్టు 3న, రాజమహేంద్రవరంలో పుట్టిన డాక్టర్ పి. వేణుగోపాల్ ఢిల్లీలో దేశపు మొట్టమొదటి విజయవంతమైన గుండె మార్పిడి చేశారు.

అవగాహన సభలలో వక్తలు దధీచిని, శిబిని తప్పక స్మరిస్తారు. ఆ మహనీయులు తమ శరీరాన్ని తామే ఇచ్చారు. ఆసుపత్రి వసారాలో నిలబడిన తండ్రిని అడుగుతున్నది మాత్రం బిడ్డ శరీరాన్ని. దానికి పురాణకథ కంటె తేటగా చెప్పిన నాలుగు మాటలు ఎక్కువ మేలు చేస్తాయి. అవయవాలు తీసిన తరువాత కుట్లు వేసి దేహాన్ని కుటుంబానికి అప్పగిస్తారు. అంత్యక్రియలు ఆచారం ప్రకారమే జరుపుకోవచ్చు. అవయవాల క్రయవిక్రయాలు నేరం. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో పనిచేయనారంభించిన ‘జీవన్‌దాన్’ పథకం నేడు తెలంగాణలో నిమ్స్ కేంద్రంగా నడుస్తూ, నమోదు చేసుకొన్న రోగులకు అవయవాలను కేటాయిస్తున్నది. వీటిని తరలించడంలో ప్రతి నిమిషమూ విలువైనదే. నల్లగొండ వైపునుంచి వచ్చే రహదారి నగరంలో ప్రవేశించే ఎల్బీనగర్ నుంచి లక్డీకాపూల్‌కు 2025 జనవరి 17న ఒక గుండెను మెట్రో రైలులో తీసుకొనిపోయారు. 13 కిలోమీటర్ల దూరానికి పట్టిన కాలం 13 నిమిషాలు.

అయితే ఆ గుండె ప్రయాణం మొదలయ్యేముందు ఎవరో ఒకరు సరే అనాలి. ప్రతిజ్ఞాపత్రం మీద సంతకం చేసి, ఆ సంగతి ఇంట్లో చెప్పనివారు చాలామంది. పత్రం ఉన్నా, ఆ ఘడియలో వైద్యులు కుటుంబసభ్యులనే సంప్రదిస్తారు. మృతుడు ఏనాడైనా భోజనాల వేళ తన కోరిక చెప్పి ఉంటే వారికి అది గుర్తుకు వస్తుంది. లేకుంటే, అతని మనసులో ఏమున్నదో ఊహించుకొనే భారం దుఃఖంలో ఉన్నవారిపై పడుతుంది. పద్దెనిమిది సంవత్సరాలు నిండని విద్యార్థి విషయంలోనైతే చట్టం ఆ నిర్ణయాన్ని తల్లిదండ్రులకే వదిలింది.