పగడపు దిబ్బల పులిపురుగు

అమెరికాలో ఊటా రాష్ట్రపు దక్షిణపు కొసన, కానాబ్ అనే చిన్న పట్టణానికి పడమరగా, పగడపు రంగు ఇసుకదిబ్బలు గలవు. నవాజో ఇసుకరాయి అరిగి రాలిన ఇసుక అది. అందులోని ఇనుము తుప్పు వల్ల ఆ రంగు వచ్చింది. రెండు కొండల నడుమ ఇరుకున గాలి వేగంగా దూసుకువచ్చి, ఈవలి బయలు చేరగానే నెమ్మదించి, తాను మోసుకొచ్చిన ఇసుకను అక్కడ దించుతుంది. 1963లో ఈ చోటును రాష్ట్రపు పార్కుగా ఏర్పరచారు.

గత మే నెలలో మేము బంధువులతో కలిసి అక్కడికి వెళ్ళాము. వచ్చినవారిలో చాలామంది దిబ్బలపై మోటారుబండ్లు తోలి ఆనందించేవారే. మేము మాత్రం ఒక పురుగును చూడగోరి నడిచాము. ప్రపంచం మొత్తం మీద అది ఈ దిబ్బలలో తప్ప మరెక్కడా లేదు.

ఇది టైగర్ బీటిల్ జాతి, అనగా పులిపురుగు. పొడవు అరంగుళం. రెక్కల డిప్పలు దాదాపు తెలుపు, తల కంచుపచ్చ. చీమలను, ఈగలను పరుగెత్తి పట్టి తింటుంది. ఎండ ముదిరితే ఇసుకలో దూరుతుంది. మా ముందు నుండి ఒకటి ఎగిరి కొంచెం దూరంలో వాలినప్పుడు గాని అక్కడ పురుగున్నదని మాకు తెలియలేదు.

పిల్లపురుగు బ్రతుకు మరీ విచిత్రం. తల్లి దిబ్బల మధ్య పల్లాలలో, చెమ్మ గల ఇసుకలో గుడ్లు పెడుతుంది. పిల్ల నిటారుగా బిలం తవ్వి, తన తలనే దానికి మూతగా పెట్టుకొని పొంచి ఉంటుంది. చీమ దాటితే చటుక్కున పట్టి లోనికి లాగుతుంది. పెనుగులాటలో తాను బయట పడకుండా, వీపున ఉన్న కొక్కేలు బిలం గోడకు గుచ్చుకొంటాయి. పెరిగిన పురుగు శరత్తులో వెలికి వచ్చి, కొన్నాళ్ళు మేసి, మళ్ళీ ఇసుకలో దాగి చలికాలం గడిపి, వసంతంలో జతకడుతుంది.

దీనికంతటికీ చెమ్మే ప్రాణం. బండిచక్రాలు పురుగులను నలపడమే కాదు, ఇసుక పైపొరను తిరగేసి లోపలి తడిని ఆర్చివేస్తాయి. అందుచేత 1997లో ప్రభుత్వశాఖలు ఒడంబడిక చేసుకొని, కొంత నేలలో బండ్లను నిషేధించాయి. 2012లో దీనిని ముప్పుగల జీవుల పట్టికలో చేర్చాలని కేంద్రప్రభుత్వం ప్రతిపాదించింది. 2013లో రక్షిత భాగాన్ని పెంచిన మీదట ఆ ప్రతిపాదన విరమించుకొన్నది. తక్కిన దిబ్బలపై బండ్లు నేటికీ తిరుగుతున్నాయి.

"ఒక్క పురుగు కోసం ఇంత హద్దెందుకు, మామయ్యా?" అని మా వెంట వచ్చిన కుర్రవాడు అడిగాడు. "బండి తోలడానికి వేరే దిబ్బ దొరుకుతుంది నాయనా, దానికి వేరే ఇల్లు లేదు" అన్నాము. వాడు మరి మాట్లాడక, అడుగులు చూసి వేయసాగాడు.

హద్దు బండ్లను ఆపగలదు గాని వానను తేలేదు. వాన లేని ఏడు పిల్లలు చాలా వరకు దక్కవు. ఈ విషయంలో ఆ పురుగుకూ, మన మెట్టరైతుకూ భేదం లేదు.