పది పైసల జెండా

మా ఇంటి వసారాయే మా ఊరి పోస్టాఫీసు. నాన్న బ్రాంచి పోస్టుమాస్టరు. ఒక బల్ల, తాళం వేసే చెక్కపెట్టె, తేదీ ముద్ర, సిరా మెత్త, సంచికి సీలు వేయడానికి లక్క. లక్క కాలిన వాసన వస్తే తపాలా కట్టేశారని వీధికంతా తెలిసేది.

ఊరు తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం. చుట్టుపక్కల వాళ్లు మిలిటరీ మాధవరం అంటారు. రెండు ప్రపంచ యుద్ధాలకూ ఇక్కణ్ణుంచి మనుషులు వెళ్లారు. తర్వాత చైనాతో, పాకిస్తాన్‌తో జరిగిన వాటికీ వెళ్లారు. మా ఊళ్లో ఇంటి ఆనవాలు చెప్పాలంటే మనిషి పేరు పనికొచ్చేది కాదు. సుబేదారు గారి మెరక, హవల్దారు గారి దొడ్డి, నాయక్ గారి సందు అనాలి.

నాన్న ఉత్తరాలు సర్దుతుంటే పక్కన కూర్చుని చిరునామాలు చదవడం నా సరదా. మా ఊరి నుంచి పోయేవాటిలో చాలా వాటికి ఆఖరి వరస ఒకటే: సి/ఓ 56 ఏపీఓ. మనిషికి నంబరు, హోదా, పేరు, యూనిట్టు ఉంటాయి, ఊరు మాత్రం ఉండదు. "అదెక్కడుంది నాన్నా?" అని అడిగాను ఓసారి. "ఎక్కడా ఉండదురా. వాళ్లెక్కడుంటే అదక్కడికి పోతుంది" అన్నాడు. చాలా రోజులు నేను దాన్ని చక్రాల మీద తిరిగే ఊరనుకున్నాను. అందులో మా ఊరి మావయ్యలందరూ ఒకే వీధిలో కాపురముంటారని కూడా.

మా సందు చివరింటి అత్తకు చదువు రాదు. ఆవిడ భర్త మద్రాస్ సాపర్స్‌లో ఉండేవాడు. వాళ్ల కేంద్రం బెంగుళూరు. వంతెనలు కట్టడం, దారులు వేయడం, శత్రువు పాతిపెట్టిన మందుపాతరలు తియ్యడం వాళ్ల పని. చుట్టరికం లేకపోయినా నాకు ఆయన మావయ్యే. అత్త ఉత్తరాలన్నీ నేనే రాసేవాణ్ణి. అయిదో తరగతి, గుండ్రటి అక్షరాలు. ఆవిడ గడప మీద కూర్చుని చెప్పేది. మొదట ఉభయకుశలోపరి. ఆ తర్వాత గేదె ఈనిందని, దూడ పెయ్యేనని, గట్టు తగూ తీరలేదని, మాసూళ్లు మొదలవుతాయని. ఏదైనా మనసులో మాట చెప్పబోయి, నా మొహం చూసి ఆగిపోయేది. "ఇంకేటి రాయనత్తా?" అంటే, "సాల్లే బాబూ, మీ మావయ్యకి తెలుసులే" అనేది. నాకు పదేళ్లు. ఆవిడ మింగేసిన మాటలు ఎన్నో నాకు ఇప్పుడు లెక్క తెలుస్తోంది.

1971 నవంబరు మధ్యలో ఉత్తరాలకు అదనంగా అయిదు పైసల బిళ్ల అంటించడం వచ్చింది. తూర్పు బెంగాల్ నుంచి తరలివచ్చిన శరణార్థుల కోసం. డిసెంబరు మొదట్లో నడిచిపోతున్న శరణార్థుల బొమ్మతో కొత్త బిళ్ల వచ్చింది. అత్త ఆ బిళ్లను వేలి చివర పట్టుకుని చాలాసేపు చూసింది. "పిల్లని సంకనేసుకుని నడుత్తోంది చూడు, తల్లి" అంది. డిసెంబరు 3న యుద్ధం వచ్చింది. పంచాయతీ రేడియో ముందు మగవాళ్లు, వెనక అరుగుల మీద ఆడవాళ్లు. విశాఖలో దీపాలు ఆర్పేస్తున్నారని అక్కణ్ణుంచి మా పెద్దమ్మ ఉత్తరం రాసింది. మా ఊళ్లో మాత్రం, దీపాలున్నా, ఎనిమిదింటికల్లా మాట ఆగిపోయేది.

ఆ మంగళవారమే డిసెంబరు 7, జెండాల రోజు. ఆ రోజు బడికి సెలవుండదు. హెడ్మాస్టారు గూడెం నుంచి తెచ్చిన కట్ట విప్పారు. ఎరుపు, ముదురు నీలం, లేత నీలం, మూడు రంగుల కాగితపు జెండాలు, గుచ్చుకోవడానికి గుండుసూదులు. నేలమీది సైన్యం, నౌకాదళం, వైమానిక దళం అని చూపించారు. చిల్లు పెట్టిన రేకు డబ్బాకి కాగితం అంటించి, నన్నూ ఇంకో కుర్రాణ్ణీ ఊరి మీదకి పంపారు. జెండా పది పైసలు, ఆపైన ఎవరి ఇష్టం వాళ్లది.

ఈ రోజును 1949లో పెట్టారని, బల్దేవ్ సింగ్ రక్షణమంత్రిగా ఉండగా వేసిన కమిటీ దీన్ని నిర్ణయించిందని చాలా ఏళ్ల తర్వాత చదివాను. యుద్ధంలో దెబ్బతిన్నవాళ్లను నిలబెట్టడానికి, పనిలో ఉన్న సైనికుల కుటుంబాలకు, దిగిపోయి వచ్చిన మాజీ సైనికులకు ఆ సొమ్ము వెళ్తుంది. 1993లో వేరువేరుగా ఉన్న నిధుల్ని కలిపి ఒకే పతాక నిధి చేశారు. దీన్ని చందా అనడం నాకు ఇప్పటికీ ఇష్టముండదు. మిగతా ఊళ్లవాళ్లు ఇవ్వాల్సిన బాకీ అది. మా ఊళ్లో మాత్రం ఆ డబ్బా ఎవరి కోసమో వాళ్ల గుమ్మం ముందుకే వెళ్లింది, వాళ్లే వేశారు. బర్మా యుద్ధం నుంచి మొగుడు తిరిగిరాని ముసలామె కొంగుముడి విప్పి రూపాయి బిళ్ల తీసింది. అది పెద్ద మొత్తం. చిల్లర ఇవ్వబోతే నా చెయ్యి మూసేసింది.

చివరింటికొచ్చేసరికి పొద్దు వాలింది. అత్త ధాన్యం చెరుగుతోంది. పది పైసలేసి, నేను జెండా ఆవిడ చీరకు గుచ్చబోతే వెనక్కి జరిగింది. "నాకెందుకు బాబూ. లోపలికి రా" అని తీసుకెళ్లింది. గోడకున్న చిలక్కొయ్యకు మావయ్య తెల్లచొక్కా వేలాడుతోంది. సెలవు అయిపోయి వెళ్తూ విడిచిన చొక్కా. అత్త దాన్ని ఉతికి, మళ్లీ అదే కొయ్యకు తగిలించింది. "దీనికి పెట్టు" అంది. ఎడమవైపు జేబు మీద గుచ్చాను. చేతులు వణికి సూది నా వేలికి దిగింది.

పదహారో తారీఖున ఢాకాలో లొంగిపోయారని రేడియో చెప్పింది. ఊరంతా బెల్లం పంచుకున్నారు. మర్నాటి నుంచి అత్త రోజూ మా వసారాకు వచ్చేది. సంచి విప్పే వేళకు వచ్చి, స్తంభానికి ఆనుకుని నిలబడేది. ఏమీ అడిగేది కాదు. నాన్న ఆఖరి ఉత్తరం పక్కన పెట్టి తలెత్తకుండా "ఇయ్యాల్టికి లేదమ్మా" అనేవాడు. తంతి గూడెంలో దిగి, సైకిలు మీద వస్తుంది. ఆ రోజుల్లో మా ఊళ్లోకి కొత్త సైకిలు బెల్లు వినబడితే ఆడవాళ్లు పొయ్యి దగ్గర్నుంచి లేచి వచ్చేవాళ్లు.

సంక్రాంతి వెళ్లాక మనియార్డరు వచ్చింది. అత్త ఎడమచేతి బొటనవేలు సిరా మెత్తకి అద్ది ముద్ర వేసింది, నాన్న సాక్షి సంతకం చేయించి డబ్బు లెక్కపెట్టాడు. కింది కూపన్ నేను చదివాను: క్షేమంగా ఉన్నాను, త్వరలో వస్తాను, దిగులు పడవద్దు. నేను నవ్వుతూ చదివాను. ఆవిడ కూపన్ తీసుకుని వెలుగు వైపు తిప్పింది. "ఇది మీ మావయ్య రాత కాదు బాబూ" అంది.

ఒక్క అక్షరం రాని మనిషి. అక్షరాలన్నీ వచ్చిన నాకు ఆ సంగతి కనబడలేదు. పాత కూపన్లన్నీ ఆవిడ ట్రంకు పెట్టెలో దాచుకుంది. వాటిని తీసి ఎన్నిసార్లు చూసుకుని ఉంటుందో.

మావయ్య వేసవిలో వచ్చాడు. కుడిచెయ్యి మణికట్టు పైన ఆగిపోయింది. షకర్‌గఢ్ వైపు, బసంతర్ నది దగ్గర, మన ట్యాంకులు దాటడానికి రాత్రిపూట పాతరలు తీస్తుండగా అయిందట. పాతికేళ్లు కూడా లేని అరుణ్ ఖేతర్‌పాల్ ట్యాంకులోంచి దిగకుండా పోరాడి ప్రాణం వదిలిన పోరు అదే. మావయ్య దాని గురించి ఎక్కువ చెప్పలేదు. పూణేలో కృత్రిమ అవయవాల కేంద్రం ఉందని, అక్కడ చెయ్యి కొలత తీసుకున్నారని, మళ్లీ వెళ్లాలని చెప్పాడు. స్నానం చేసి వచ్చి ఆ తెల్లచొక్కా తొడుక్కున్నాడు. జెండా ఇంకా ఉంది. సూది తుప్పు పట్టి గుడ్డకు మరక చేసింది. అత్త తియ్యబోతే వద్దన్నాడు.

ఆయన్ని కుంగదీసింది పొలంపని కాదు, సంతకం. కాగితాల మీద వేలిముద్ర వెయ్యమంటే మొహం తిప్పుకునేవాడు. ఓ సాయంత్రం నన్ను పిలిచి, "ఏరా, మీ అత్తకి ఇన్నాళ్లూ ఉత్తరాలు రాశావు. నాకు ఎడంచేత్తో రాయడం నేర్పుతావేంటి?" అన్నాడు. నా పలక తీసుకెళ్లాను. పెద్ద మనిషి వేళ్ల మధ్య బలపం విరిగిపోయేది. 'అ' వంకర తిరిగేది. అత్త పక్కన కూర్చుని కొన్నాళ్లు చూసి, కొన్నాళ్లకు మసిబొగ్గుతో నేలమీద తనూ దిద్దడం మొదలుపెట్టింది. ఆయన చెరిపేసిన చోట ఆవిడ రాసేది. వానాకాలమంతా వాళ్లింటి అరుగు మీద ఒక పలక, ఇద్దరు విద్యార్థులు, పదకొండేళ్ల పంతులు. గుణింతం ముందు ఎవరికి పట్టుబడిందంటే అత్తకే.

మరుసటి డిసెంబరుకి జై ఆంధ్ర ఉద్యమం ముదిరింది. బడులు మూతపడ్డాయి. హెడ్మాస్టారి కట్ట రాలేదు, రేకు డబ్బా తిరగలేదు. ఏడో తారీఖు పొద్దున్నే మావయ్య ఆ చొక్కాతోనే మా వసారాకు వచ్చి, బల్ల ముందు కూర్చున్నాడు. నాన్నని ఒక మనియార్డరు ఫారం అడిగాడు. కుడి మోచేత్తో కాగితం కదలకుండా అదిమిపట్టి, ఒక్కో అక్షరం దించాడు. ఎవరికి అన్న చోట జిల్లా కలెక్టరు గారు, ఏలూరు. మొత్తం అయిదు రూపాయలు. కూపన్ దగ్గరకొచ్చేసరికి వేళ్లు అలిసిపోయి ఆగాడు.

అత్త స్తంభం దగ్గర్నుంచి వచ్చి కలం అందుకుంది. వంగి, చీర కుచ్చెళ్లు ఒక చేత్తో పట్టుకుని, రెండే మాటలు రాసింది: జెండా డబ్బు.

నాన్న తేదీ ముద్ర సిరా మెత్తకి అద్ది, చాలాసేపు దాన్ని గాల్లోనే పట్టుకుని ఉన్నాడు. తర్వాత కాగితం మీద గట్టిగా కొట్టాడు.