ఆదియందే శుద్ధి

సభలో కూర్చున్నవారికి స్పీకరు నుండి వెలువడు నాదము మాత్రమే గోచరించును. ఆ నాదము అక్కడికి చేరులోపల ఎన్ని ద్వారములు దాటి వచ్చినదో గోచరింపదు. మా గానబృందములో నేను ఎలక్ట్రిక్ గిటారు వాయించుచున్నాను. నాకు ప్రత్యేకమైన ఆంప్లిఫయరు లేదు. గిటారు, పిదప వరుసగా కంప్రెసర్, ఓవర్‌డ్రైవ్, డిలే, రివర్బ్ అను నాలుగు పెడళ్లు, ఆపై డి.ఐ. బాక్స్, మిక్సర్, తుదకు మందిరపు స్పీకర్లు: ఇదియే మార్గము.

మా ప్రధాన గాయనిగారికి డెబ్బది యేండ్లు దాటినవి. స్వరము మృదువు, శ్రుతి నిశ్చలము. గిటారు ఆమె గళమును మించినచో ఆమె గొంతు పెంచి పాడవలసివచ్చును. రెండవ పాటకే శ్వాస అలసిపోవును. కావున గెయిన్ నిర్ణయమును నేను ఆమె శ్వాసకు సంబంధించిన విషయముగానే భావింతును.

సాధక మిత్రులారా, ఇందు ప్రథమ నియమము సమత్వము. పెడళ్లను ఒక్కొక్కటిగా పరీక్షింపవలెను. పెడల్ ఆపినప్పుడు ధ్వని ఎంత ఉన్నదో, నొక్కినప్పుడును అంతే ఉండునట్లు దాని లెవెల్ నాబ్‌ను నిలుపవలెను. ఓవర్‌డ్రైవ్ విషయమున మీటరు ఒక్కటే చాలదు. అది తరంగశిఖరములను అణచి నాదమును సాంద్రము చేయును గనుక, మీటరుపై శిఖరము మారకున్నను చెవికి బిగ్గరగా తోచును. అక్కడ చెవియే ప్రమాణము.

ఈ సమత్వము ఏల? ప్రతి పెడల్ తనవంతుగా కొంత బుసను చేర్చును. ఆరంభమున నాదమును బలహీనముగా పంపి, చివర 20 డెసిబెల్స్ పెంచినచో వోల్టేజి 10 రెట్లగును. నాదముతోపాటు బుసయు 10 రెట్లగును. అట్లని అధికముగా పంపినను దోషమే. 9 వోల్టులతో పనిచేయు సాధారణ పెడల్‌లో తరంగము తన అవధిని దాటలేదు, శిఖరములు ఛేదింపబడును. ఓవర్‌డ్రైవ్‌లో ఆ ఛేదము మనము కోరి తెచ్చుకొన్నది. డిలే ముఖద్వారమున అది అవాంఛితము. ఒకసారి ఛేదింపబడిన తరంగమును పిదప ఎంత తగ్గించినను, అది చిన్నదగునే గాని పూర్వరూపమును పొందదు.

గిటారు స్పీకరు సుమారు 5,000 హెర్ట్జ్ దాటిన ధ్వనులను బాగుగా తగ్గించివేయును. సభాస్పీకర్లు దాదాపు 20,000 వరకు పలుకును. అందుచే ఓవర్‌డ్రైవ్ నేరుగా వెళ్లినచో ఇసుక రాపిడివలె కర్కశముగా వినబడును. పెడళ్ల చివర క్యాబినెట్ సిమ్యులేటర్ ఉంచినచో ఆ కార్కశ్యము శమించును. డి.ఐ. బాక్స్ సంకేతమును మైకు స్థాయికి దించి, దీర్ఘమైన కేబుల్‌లో బయటి రొద చేరకుండ బ్యాలెన్స్‌డ్ రూపమున పంపును. గుంయ్‌మను రొద వినబడినచో దానిపైనున్న గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్‌ను ప్రయత్నింపవలెను.

ఇక మిక్సర్. కచేరీలో ఎంత బలముగా వాయింతుమో అంత బలముగా వాయించుచు గెయిన్ నిర్ణయింపవలెను. డిజిటల్ మిక్సర్‌పై సగటు స్థాయి −18 ప్రాంతమున నిలిచి, శిఖరములు −6 దాటకున్నచో చాలును. అటుపిమ్మట గెయిన్‌ను ముట్టరాదు. సభకు వినబడవలసిన హెచ్చుతగ్గులను ఫేడర్‌తోనే చేయవలెను. గెయిన్ కదిపినచో గాయని యెదుటనున్న మానిటర్‌లోను గిటారు మారిపోవును. ఆమె ఆధారముగా వినుచున్న ధ్వని పాట నడుమ చలించును.

ఈ నిర్ణయములన్నియు ముగిసిన పిదప ఒక పరీక్ష మిగులును. ఆమె తన సహజస్వరముతో పల్లవి పాడును, నేను ఓవర్‌డ్రైవ్ నొక్కి వాయింతును, బృందములో ఒకరు చివరి వరుసలో నిలిచి విందురు. సాహిత్యములో ప్రతి పదము స్పష్టముగా వినబడినదని వారు చేయెత్తిన తరువాతనే నాబ్‌ల స్థానములను సుద్దతో గుర్తింతుము. అంతవరకు గిటారు ఫేడర్ క్రిందికే దిగుచుండును.