నాన్న ఫియట్, దాని స్లో స్పీడు

ఈ సంక్రాంతికి ఇంటికెళ్తే, నాన్న ఫియట్ గంగావతి ఊళ్ళోనే మూడుసార్లు ఆగిపోయింది. రోడ్డు మీద బాగానే పోతుంది. బ్రేకు వేసి గేరు తీసి నిలబడితే మాత్రం రెండు సార్లు ఊగి చచ్చిపోతుంది. వెనకాల హారన్లు. నాన్న మొహం ఎర్రబడిపోయింది.

మా బండి గురించి మన వాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. 1988 మోడల్ ప్రీమియర్ పద్మిని, 1089 సీసీ, స్టీరింగ్ పక్కన చేతి గేరు. పేరు పద్మిని అయినా మా క్యాంపులో అందరికీ అది ఫియటే. తుంగభద్ర ఎడమ కాలువ నీళ్ళ కోసం తాతయ్య గోదావరి వైపు నుంచి వచ్చి ఇక్కడ పొలం కొంటే, ఆ పొలం మీద మిగిల్చిన డబ్బుతో నాన్న ఈ బండిని సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. దీని కార్బొరేటర్ ఇన్నేళ్ళూ ఆయనే చెవితో సెట్ చేసుకున్నారు. చిన్నప్పుడు నన్ను పక్కన నిలబెట్టి, "మిక్చరంటే మజ్జిగ లాంటిదే అమ్మాయ్. పలచనైతే ఇంజన్‌కి ఓపిక ఉండదు, చిక్కనైతే పొగ కక్కుతుంది" అనేవారు. నేను చదివింది కన్నడ మీడియం. బళ్ళో నాకెవరూ నేర్పని తెలుగు ఇలాంటిదే.

ఈసారి ఆయన, "ఇంక దీన్ని అమ్మేద్దాం, నాకు చేతకావట్లేదు" అన్నారు. నాన్న నోట్లోంచి "చేతకావట్లేదు" అన్న మాట నేనెప్పుడూ వినలేదు.

నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. అక్కడ మొదటి పాఠం ఒకటే: ఒకసారికి ఒక్కటే మార్చు. ఇద్దరు మెకానిక్‌లు చూశారట. ప్లగ్గులు నల్లగా ఉన్నాయి కాబట్టి మిక్చర్ చిక్కగా ఉందని ఒకాయన స్క్రూ బిగించాడు. దాంతో ఇంకా ఎక్కువ ఆగింది. రెండో ఆయన స్పీడు స్క్రూ తిప్పి రేసు పెంచాడు. రెండ్రోజులు నడిచి మళ్ళీ మొదటికే.

నేను డోరు తీసి చూస్తే, చోక్ నాబ్ అరంగుళం బయటికి లాగి ఉంది. "ఇదేంటి నాన్నా?" అంటే, "అలా ఉంచితే ఆగదు" అన్నారు. నెలల తరబడి అలాగే నడిపారట! ప్లగ్గులు నల్లబడడానికి కారణం అదే. అంటే అసలు జబ్బు మిక్చర్ పలచనవడం. నాన్న దాన్ని చోక్‌తో కప్పెట్టారు, మెకానిక్‌లు ఆ కప్పు చూసి మందేశారు. మా ఆఫీసులోనూ ఇదే జరుగుతుంది, పాత ప్యాచ్‌లన్నీ తీసేస్తే గానీ అసలు బగ్ కనపడదు.

చోక్ పూర్తిగా లోపలికి తోశాను. ప్లగ్గులు తుడిచి, పాయింట్ల గ్యాప్, ఎయిర్ ఫిల్టర్ చూశాను. ఇవి సరిగ్గా లేకుండా కార్బొరేటర్ మీద చెయ్యి వేస్తే రోజంతా వృథా. తర్వాత పైలట్ జెట్ విప్పి గాలి ఊదాను. స్లో స్పీడులో పెట్రోలు దాని సన్న రంధ్రం గుండానే వస్తుంది, నలుసు పడితే ఇవే లక్షణాలు. (దాన్లో తీగ పెట్టి పొడవకండి, రంధ్రం పెద్దదైపోతుంది.) తేడా ఏం రాలేదు.

బానెట్ మీద వంగి వింటుంటే, కార్బొరేటర్ అడుగు నుంచి సన్నగా "స్స్..." మని వినపడింది. ఇస్త్రీకి నీళ్ళు చల్లే సీసా తెచ్చి, ప్యాకింగ్ చుట్టూ కొద్దికొద్దిగా కొట్టాను. ఒక మూల నీళ్ళు పడగానే ఆ శబ్దం ఆగి, ఇంజన్ ఒక్క క్షణం కుదురుగా తిరిగింది. దొరికింది! (కొంతమంది దీనికి పెట్రోలు చల్లుతారు. వేడి ఇంజన్ మీద ఆ పని చెయ్యొద్దు.)

సంగతేంటంటే, యాక్సిలరేటర్ వదిలినప్పుడు థ్రాటిల్ దాదాపు మూసుకుని ఉంటుంది, ఇంజన్ గాలిని గట్టిగా పీలుస్తుంది. అప్పుడు దొంగదారిలో కాస్త గాలి దూరినా మిక్చర్ పలచబడిపోతుంది. రోడ్డు మీద గాలి ఎలాగూ బోలెడు పోతుంది కాబట్టి ఆ కాస్త లెక్కలోకి రాదు. అందుకే పరిగెత్తుతుంది, నిలబడలేదు.

"నాన్నా, విన్నావా? ఇక్కడ గాలి లాగుతోంది."

"ఏం సౌండు? ఇంజన్ బాగానే ఉంది కదా."

మళ్ళీ వినమన్నాను. వంగి, కళ్ళు మూసుకుని, చాలాసేపు విన్నారు. "ఏం లేదమ్మా" అన్నారు. గుమ్మంలో నిలబడ్డ అమ్మకి అంత దూరం నుంచే వినపడుతోంది ఆ శబ్దం.

నాకప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చింది. టీవీ అంత గట్టిగా పెట్టుకోవడం. నేను బెంగళూరు నుంచి ఫోన్ చేస్తే "సరే సరే, అమ్మకిస్తా" అనడం. రెండేళ్ళుగా నాతో మాట్లాడ్డం ఇష్టం లేదేమో అనుకుని నేనూ ఫోన్లు తగ్గించేశాను. ఏం చెప్పను!

బండి పని మర్నాటికి అయిపోయింది. నట్లు ఎక్కువ బిగించి బిగించి కార్బొరేటర్ అడుగు కాస్త వంగింది. చదునైన గాజు పలక మీద సన్న ఎమరీ కాగితం పరిచి, సమంగా అయ్యేదాకా రుద్ది, కొత్త ప్యాకింగ్ వేశాం. ఇంజన్ వేడెక్కాక మిక్చర్ స్క్రూ మెల్లగా చివరికంటా మూసి (బిగిస్తే దాని మొన పాడవుతుంది), ఒకటిన్నర చుట్టు వెనక్కి తిప్పాను. అక్కణ్ణుంచి ఇంజన్ బాగా తిరిగే చోటుదాకా కొంచెం కొంచెం తిప్పడం, స్పీడు స్క్రూతో రేసు తగ్గించడం, మళ్ళీ మిక్చర్ చూడడం. ఇప్పుడు పెట్రోల్లో ఇథనాల్ కలుపుతున్నారు, దాంతో మిక్చర్ ఇంకాస్త పలచబడుతుంది, పాత రబ్బరు పైపులూ చెడతాయి. అవీ మార్చేశాం.

చివరి పావు చుట్టు నాన్ననే తిప్పమన్నాను. ఆయన చెవి పెట్టలేదు. ఎడం చెయ్యి బానెట్ అంచు మీద ఆనించి, కుడి చేత్తో స్క్రూడ్రైవర్ పట్టుకుని, అదురు చూసుకుంటూ తిప్పారు. "ఇక్కడ" అన్నారు. నేను సెట్ చేసిన దానికంటే బాగా కుదిరింది. అప్పుడు అర్థమైంది, ఈయన చాలా రోజులుగా ఇలాగే నెట్టుకొస్తున్నారని.

చెవి డాక్టరు వయసుతో ముందు సన్నటి శబ్దాలే పోతాయని చెప్పారు. మిషను పెట్టుకోవడానికి నాన్న నెల రోజులు ఒప్పుకోలేదు. "ముసలాణ్ణనుకుంటారు" అన్నారు. నేను వాదించలేదు. "ఈసారి గాలి లాగితే ఎవరు వింటారు నాన్నా, నేను బెంగళూర్లో ఉంటాను" అన్నాను, అంతే. ఉగాదికి పెట్టుకున్నారు. కుక్కర్ విజిల్ మరీ ఘోరంగా ఉందని రోజూ విసుక్కుంటున్నారు. ఫోన్ మాత్రం అమ్మకివ్వడం లేదు. ఫియట్ అమ్మే మాట కూడా ఎత్తడం లేదు.

మన ఇళ్ళల్లో ఇంకా కార్బొరేటర్ బండ్లు ఉన్నవాళ్ళు ఉన్నారు. స్లో స్పీడులో ఆగుతుంటే స్క్రూల జోలికి పోకముందు చోక్ లోపలికి ఉందో లేదో చూడండి, తర్వాత గాలి ఎక్కడ లాగుతోందో వినండి. పక్కన పెద్దవాళ్ళుంటే వాళ్ళకీ వినపడుతోందేమో అడగండి. నా తెలుగులో తప్పులుంటే సర్దుకోండి.